మా అమ్మాయి గ్రాస్పింగ్ పవర్

మా కాలనీలో మామూలు పిల్లలు లేరు. ఉన్నారని ఎవరైనా అంటే ఆ పిల్లల తల్లిదండ్రులు ఇంటికొచ్చి తగువు పెట్టుకుంటారు. కాకినాడలో పోర్టుకు వెళ్ళే లారీల రోడ్డు పక్కన ఉంటుంది మా కాలనీ. ఇక్కడ ఏ ఇంటికి కాఫీకి వెళ్ళినా రెండో గుక్క మింగేలోపు ఒక మాట వినక తప్పదు. “మా వాడికి గ్రాస్పింగ్ పవర్ ఎక్కువండీ. ఒక్కసారి చెబితే చాలు, ఇట్టే పట్టేస్తాడు.” ఇట్టే పట్టేసే పిల్లలు ఇంతమంది ఉండగా ఎలకలు అంత ధైర్యంగా ఎలా తిరుగుతున్నాయో నాకు అర్థం కాదు.

నాకు మాత్రం గ్రాస్పింగ్ పవర్ లేదు. ఆ సంగతి ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు కనిపెట్టారు. ప్రమోషన్ పరీక్షల్లో మా పోర్టు ఆఫీసు వాళ్ళు రెండుసార్లు ధ్రువపరిచారు. అందుకే మా అమ్మాయి విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మనకు లేనిది పిల్లలకు ఉండాలని కోరుకోవడం తండ్రి ధర్మం. ఉందని నలుగురికీ చెప్పుకోవడం ఆ ధర్మంలో ముఖ్యభాగం.

మా అమ్మాయి పేరు వాగ్దేవి. అయిదేళ్ళు. మాటల తల్లి పేరు పెట్టుకున్న ఈ పిల్ల బయటివాళ్ళ ముందు నోరు విప్పదు. ఇంట్లో మూయదు. దానికి ఒకటే అలవాటు. సాయంత్రం నేను స్కూటరుకు స్టాండు వేయగానే పరుగెత్తుకొచ్చి నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుంటుంది. భోజనాల దాకా వదలదు. ఒంటిచేత్తో చొక్కా విప్పుకోవడం, ఒంటిచేత్తో మొహం కడుక్కోవడం నాకు అలవాటైపోయాయి. ఆ వేలు నాది కాదని నేను ఎప్పుడో ఒప్పేసుకున్నాను.

ఒకటో తరగతిలో వేయాల్సిన వేళ వచ్చింది. మా ఇంటి నుంచి నడిచివెళ్ళే దూరంలో మూడు బళ్ళున్నాయి. ఎడమ సందు చివర మేధా గోకులం, కుడి సందు చివర ప్రజ్ఞాంకురం, లారీల రోడ్డు దాటితే మునిసిపల్ ప్రాథమిక పాఠశాల. మొదటి రెండింటిలోనూ గిఫ్టెడ్ ప్రోగ్రాం ఉంది. మూడోదాంట్లో తరగతి గదులున్నాయి. కాబట్టి మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

“గిఫ్టెడ్ అంటే వాళ్ళు మనకు గిఫ్టిస్తారా, మనమే వాళ్ళకివ్వాలా?” అని అడిగింది మా ఆవిడ హైమవతి.

“పిల్లకి దేవుడిచ్చిన గిఫ్టు ఉందో లేదో వాళ్ళు కనిపెడతారు,” అన్నాను.

“ఆ దేవుడు మనకి చెప్పకుండా వాళ్ళకి చెప్పాడా?” అంది. హైమతో వాదన పెట్టుకుంటే నాకు గ్రాస్పింగ్ పవర్ ఎంత తక్కువో మళ్ళీ రుజువవుతుంది. అందుకని చెప్పులు వేసుకున్నాను.

ముందు మేధా గోకులానికి వెళ్ళాం. అక్కడ మమ్మల్ని ఆహ్వానించినావిడ పేరు ప్రియంవద. తలుపు మీద ‘హెడ్, ఆరిజిన్ స్టడీస్’ అని ఉంది. మా అమ్మాయి నా వేలు పట్టుకుని నిలబడి ఉంటే ఆవిడ దానివైపు చూడనైనా చూడలేదు.

“పిల్లని చూసి సీటిచ్చే రోజులు పోయాయి సార్,” అందావిడ. “పిల్ల రిజల్ట్ మాత్రమే. మేము సోర్స్ చూస్తాం.” అని హైమవైపు తిరిగింది. “మేడమ్, నిజాయితీగా చెప్పండి. వేవిళ్ళప్పుడు మీకు ఏం తినాలనిపించింది? చాక్‌పీసులా, బియ్యమా, తడిమట్టా?”

హైమ నావైపు చూసింది. నేను చెప్పమన్నట్టు తలూపాను.

“మిరపకాయ బజ్జీలండి.”

“ఇంకేమీ?”

“పైన ఉల్లిపాయ, నిమ్మకాయ.”

ప్రియంవద గారి మొహంలో జాలి కనిపించింది. “చాక్‌పీసులు తిన్న తల్లుల పిల్లలు మా ఎకడమిక్ ఎక్సలెన్స్ స్ట్రీమ్‌లో ఉంటారు. మట్టి తిన్నవాళ్ళ పిల్లలకు సివిల్ ఇంజనీరింగ్ ఓరియెంటేషన్ ఇస్తాం. బియ్యానికి అగ్రి బిజినెస్. ఆయిల్ ఐటమ్స్‌కి మా దగ్గర ప్రస్తుతానికి స్ట్రీమ్ లేదండీ.”

సీటు జారిపోతోందనేసరికి నా బుర్ర చురుగ్గా పనిచేసింది. ఇలాంటప్పుడే అది పనిచేస్తుంది. “ఆయిలే కదా మేడమ్,” అన్నాను, “పెట్రోలియం కింద పరిశీలించలేరా? మనది కాకినాడ కదా.”

ఆవిడ నిజంగానే కాగితం మీద ఏదో రాసుకుంది. హైమ లేచి పిల్లను చంకనేసుకుని బయటికి నడిచింది. ఇంటికి చేరేదాకా నాతో మాట్లాడలేదు. చేరాక మాత్రం చాలాసేపు మాట్లాడింది.

ఇక మిగిలింది ప్రజ్ఞాంకురం. అక్కడికి నేనూ వాగ్దేవీ మాత్రమే వెళ్ళాం. అక్కడి పెద్దమనిషి డాక్టర్ మార్తాండ్. నీలం సూటు వేసుకుని, అద్దాల గదిలో, తన గొంతు తనకే నచ్చినట్టు మాట్లాడతాడు. ఆయన ప్రిన్సిపాల్ కాడు, చీఫ్ ఐడెంటిఫికేషన్ ఆఫీసరు.

“త్రినాథరావు గారూ, ఇక్కడ అడ్మిషన్లు ఉండవు,” అన్నాడు. “ఐడెంటిఫికేషనే ఉంటుంది. దేశమంతా గ్రాస్పింగ్ పవర్, గ్రాస్పింగ్ పవర్ అంటోంది. ఇంతవరకూ దాన్ని కొలిచినవాడున్నాడా? గ్రాస్పింగ్ అంటే ఏంటి సార్?”

“అర్థం చేసుకోవడమండి.”

“అదే మనం చేసిన తప్పు. గ్రాస్ప్ అంటే పట్టుకోవడం. తెలుగులో ఏమంటాం? గ్రహణశక్తి. గ్రహణం అంటే? పట్టుకోవడం. ఇంగ్లీషూ తెలుగూ ఏకమై పట్టుకోవడం, పట్టుకోవడం అని అరుస్తుంటే మనం పిల్లల చేత ఎక్కాలు చదివించాం! మన పెద్దలు ఈ పరీక్ష ఆరో నెలలోనే పెట్టారు. ఏమిటది?”

నాకు తెలిసిన ప్రశ్న రావడం జీవితంలో అరుదు. బల్ల మీంచి చెయ్యెత్తాను. “అన్నప్రాశన సార్!”

“బ్రిలియంట్,” అన్నాడాయన. నన్ను ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు. ఆయన ఏం చెప్పినా నమ్మడానికి ఆ క్షణంలోనే సిద్ధపడిపోయాను.

పద్ధతి ఇదట. అన్నప్రాశననాడు పిల్ల ముందు పెట్టిన వస్తువుల్లో ఏది పట్టుకుంటే ఆ విభాగంలో సీటు. పుస్తకం పట్టుకుంటే రీసెర్చ్, కలం పట్టుకుంటే సివిల్ సర్వీసెస్, బంగారం పట్టుకుంటే ఫైనాన్స్, కత్తి పట్టుకుంటే సర్జరీ, మట్టి పట్టుకుంటే రియల్ ఎస్టేట్ లీడర్‌షిప్. పువ్వులు పట్టుకున్నవాళ్ళకు ఇంకా ఆలోచిస్తున్నారట. “వీడియో ఉందా?” అని అడిగాడు.

ఉండడమేమిటి! ఆ వీడియో నా ఫోనులో ఎప్పుడూ ఉంటుంది. ఆఫీసులో ఎవరైనా నా మీద కేకలేసినప్పుడు చూసుకుంటాను. మా అత్తవారి హాలు. చాప మీద పుస్తకం, కలం, గొలుసు, చాకు, పూలు, గుప్పెడు మట్టి. ఆ చివర నేను. ఈ చివర్నుంచి వాగ్దేవి పాకుతూ బయల్దేరుతుంది. పుస్తకం దాటేస్తుంది. గొలుసును మోకాలితో తొక్కేస్తుంది. దారిలో పూలను తోసేస్తుంది. తిన్నగా నా దగ్గరకొచ్చి చూపుడువేలు పట్టుకుని కూర్చుంటుంది. “నాన్న కూచి!” అని మా అత్తగారి కేక, వెనక హైమ నవ్వు. అంతే వీడియో. నా జీవితంలో నాకు మొదటి ర్యాంకు వచ్చిన పరీక్ష అదొక్కటే.

డాక్టర్ మార్తాండ్ దాన్ని పెద్దది చేసి, ఆపి ఆపి చూశాడు. “పుస్తకం, బైపాస్. కలం, బైపాస్. గోల్డ్, కాంటాక్ట్ ఉంది కానీ మోకాలు. సారీ సార్. నిల్ గ్రాస్ప్.”

“నన్ను పట్టుకుంది కదండీ!”

“మీరు వస్తువుల జాబితాలో లేరు.”

మా ఆఫీసులోనూ చాలామంది అభిప్రాయం అదే. ఆయన గొంతు తగ్గించాడు. “పైగా ఇది డిపెండెన్సీ గ్రాస్ప్. దీనికి నెగెటివ్ మార్కులుంటాయి. కంగారుపడకండి. మీలాంటివాళ్ళ కోసమే ఇంప్రూవ్‌మెంట్ అన్నప్రాశన పెట్టాం. వచ్చే నెల మంచి ముహూర్తం ఉంది. పిల్ల పాకుతూ వచ్చి వస్తువు పట్టుకోవాలి. నడిస్తే ఫెయిల్.”

“అయిదేళ్ళ పిల్ల పాకడమంటే...”

“నడిచొచ్చి పట్టుకోవడంలో టాలెంటేముంది సార్? పోలీసులు కూడా పట్టుకుంటారు.”

ఇంటికొచ్చి చెబితే హైమ అట్లకాడ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. “అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టేవాళ్ళని విన్నాను. ఆవకాయ తినే పిల్లకి అన్నప్రాశన చేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. రేపు దానికి పెళ్ళీడొస్తే ఊయల్లో వేస్తారా?”

“గ్రహణశక్తి హైమా. శాస్త్రీయంగా...”

“మనింటికి పట్టింది గ్రహణశక్తి కాదండీ, ఉత్త గ్రహణం. మీ ఇష్టం. నేను మాత్రం దాన్ని పాకించను.”

నేనూ కాస్త వెనకాడేవాణ్ణే. కానీ మర్నాడు పొద్దున్న పక్కింటి వీరభద్రం పాలపాకెట్టుతో ఎదురయ్యాడు. ఆయన బిల్డింగ్ కాంట్రాక్టరు. వాళ్ళబ్బాయి లోహిత్ అప్పటికే ఇంప్రూవ్‌మెంట్ రాసేశాడు. అంటే పాకేశాడు.

“ఏం చెప్పమంటారు మాస్టారూ,” అన్నాడు, “మావాడు ఓ చేత్తో పెన్ను, ఓ చేత్తో గొలుసు పట్టేసేడండి. రెండూ ఒదిలితే ఒట్టు! డ్యుయల్ డిగ్రీ ఇచ్చేరు. కత్తిని కూడా నోటితో కరవబోయేడండి. సర్జరీ కూడా వచ్చేసేదే. ఆళ్ళమ్మ అడ్డం పడిపోయింది. ఆడోళ్ళకి పిల్లల భవిష్యత్తు పట్టదండి.” ఆ మధ్యాహ్నమే నేను కోచింగు గురించి వాకబు చేశాను.

కోచింగ్ సెంటరు మెడికల్ షాపు పైన. బోర్డు మీద పెద్దక్షరాలతో ‘పట్టు’ అని ఒక్కటే మాట. చీరల కొట్టనుకుని ఎక్కిన ఆడవాళ్ళు కొందరు పిల్లల్ని చేర్పించి దిగారని చెప్పుకున్నారు. కోచ్ ఒకప్పుడు కబడ్డీలో జిల్లాకు ఆడిన మనిషి. పేరు అప్పలకొండ. పట్టుకోవడంలో ఆయన అనుభవాన్ని ఎవరూ కాదనలేరు. కాలనీ పిల్లలంతా ఆ హాల్లో మోకాళ్ళకు తొడుగులు వేసుకుని, ఆరునెలల పసికందుల్లా పాకుతూ కనిపించారు. ఒక పిల్లవాడికి మూతిమీద నూగు కూడా ఉంది. వాడిది మూడో ప్రయత్నమట.

“చూడమ్మా,” అని వాగ్దేవి ముందు గొంతుక్కూచున్నాడు అప్పలకొండ. “పెన్ను నీ టార్గెట్టు. దాన్ని తప్ప ఇంకోటి ముట్టుకున్నావా, అవుట్. అమ్మ పిలిచినా అవుట్, నాన్న పిలిచినా అవుట్. నాన్న అంటే ఎవరు? అవతలి టీము. ముట్టుకోవచ్చా?”

వాగ్దేవి నావైపు చూసింది. నేను అడ్డంగా తలూపాను. అదీ అడ్డంగా తలూపింది.

ఇంటి దగ్గర సాధన బాధ్యత నాది. పాకడం ఎలాగో చూపిద్దామని లుంగీ బిగించి హాల్లో నేనే పాకాను. సగం దూరం వెళ్ళేసరికి నడుం పట్టేసింది. ఆ రోజు మా ఇంట్లో ఏదైనా పట్టిందంటే అదొక్కటే. వాగ్దేవి నా వీపెక్కి కూచుని ‘చల్ చల్’ అంది. హైమ వచ్చి పిల్లను దింపి, నా నడుముకు అమృతాంజనం రాసింది. “తండ్రీకూతుళ్ళలో ఎవరికి సీటొచ్చినా నాకు సంతోషమే,” అంది.

ఈలోగా కాలనీలో కలవరం పుట్టింది. పరీక్షలో వస్తువులు పేర్చే వరస ముందే బయటికి పొక్కిందన్నారు. అప్పలకొండ పిల్లలు రెండు రోజులు ‘ఎడమనుంచి మూడు, ఎడమనుంచి మూడు’ అని జపం చేశారు. ప్రజ్ఞాంకురం వరస మార్చేసింది. మార్చడం అన్యాయమని తల్లిదండ్రులు గేటు ముందు బైఠాయించారు. నేను కూడా బైఠాయించాను, వరస నాకు ముందే తెలుసని ఒప్పుకోలేక. అంతలో ఎవరో కొత్త అనుమానం లేవదీశారు. పాత బ్యాచ్‌లో సగంమంది మట్టి పట్టుకుని రియల్ ఎస్టేట్‌లో పడ్డారే, ఎందుకని? వీరభద్రం ఇంటికి పరుగెత్తి రసమట్టం తెచ్చి పరీక్ష హాల్లో చాప మీద పెట్టాడు. అందులో బుడగ ఒక పక్కకు జరిగింది.

“నేల వాలుగా ఉందండీ బాబూ!” అని అరిచాడు. “మట్టివైపు వాలు! పాకే పిల్ల ఎటు పోద్ది? పల్లానికే పోద్ది!”

‘చాప వాలు సరిచేయాలి’ అని నినాదాలు మొదలయ్యాయి. డాక్టర్ మార్తాండ్ మెట్లమీదకొచ్చి చేతులెత్తాడు. “డియర్ పేరెంట్స్, లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్ మా సంస్థ మౌలిక విలువ. రేపే సిమెంటు పూయిస్తాం,” అన్నాడు. చప్పట్లు కొట్టాం. సిమెంటు పని వీరభద్రానికే వచ్చింది.

పరీక్షకు వారం ఉందనగా ఒక సాయంత్రం స్కూటరుకు స్టాండు వేశాను. వాగ్దేవి ఎప్పటిలా పరుగెత్తుకొచ్చింది. నాకు జానెడు దూరంలో టక్కున ఆగిపోయింది. రెండు చేతులూ వెనక దాచుకుంది.

“చూడు నాన్నా, నేను ముట్టుకోలేదు,” అంది.

నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. “హైమా, చూశావా కంట్రోలు! అయిదేళ్ళకే!” అని లోపలికి కేకేశాను. హైమ గుమ్మంలో నిలబడి పిల్లనీ నన్నూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను రెండు చేతులా చొక్కా విప్పుకున్నాను, రెండు చేతులా మొహం కడుక్కున్నాను. తొందరగా అయిపోయింది. భోజనాలకు ఇంకా చాలా టైముంది. ఏం చేయాలో తోచక పొద్దుటి పేపరే మళ్ళీ చదివాను.

పరీక్ష రోజు వచ్చింది. హైమ రానంది. కానీ పిల్లకు తల దువ్వి, పట్టుపావడా కట్టి, మోకాలి తొడుగులు పావడా కింద సర్ది, నొసట బొట్టు పెట్టి పంపింది. హాల్లో పురోహితుడు మైకులో మంత్రాలు చదువుతున్నాడు. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో సీలు వేసిన పరమాన్నం. సమంగా పూసిన కొత్త సిమెంటు మీద చాప. తెల్లకోట్లు వేసుకున్న పరిశీలకులు స్టాప్‌వాచీలతో నిలబడ్డారు.

తల్లిదండ్రులకు చాప అవతల సుద్దతో ఒక గుండ్రం గీశారు. దాని మీద ‘డిస్ట్రాక్షన్ జోన్’ అని ఉంది. నా చొక్కాకు ఒక బిళ్ళ తగిలించారు. ‘డిస్ట్రాక్షన్ వన్’. మా ఆఫీసులో పాతికేళ్ళు పనిచేసినా నాకు దక్కని హోదా అది. నిటారుగా నిలబడ్డాను.

విజిలు ఊదారు. వాగ్దేవి పాకడం మొదలుపెట్టింది. పావడా మోకాళ్ళకు చుట్టుకుంటే ఆగి, లాక్కుని, మళ్ళీ పాకింది. పుస్తకం దాటింది. గొలుసు దాటింది. కలం కూడా దాటేసింది. తిన్నగా గుండ్రం అంచుదాకా వచ్చి, నేలమీంచి తలెత్తి నన్ను చూసింది.

అప్పుడు నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. కళ్ళతో కలంవైపు సైగ చేశాను. అది కదల్లేదు. నా చేతివైపే చూస్తోంది. నా రెండు చేతులూ వెనక దాచేసుకున్నాను.

వాగ్దేవి కాసేపు అలాగే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, పాకుతూ వెళ్ళి, కలం పట్టుకుంది.

హాలంతా చప్పట్లు. పరిశీలకులు స్టాప్‌వాచీలు నొక్కారు. డాక్టర్ మార్తాండ్ వచ్చి నా చెయ్యి ఊపేశాడు. “వండర్‌ఫుల్! డిపెండెన్సీ జీరో! గోల్డ్‌ని చూడలేదు, మిమ్మల్ని పూర్తిగా ఓవర్‌కమ్ చేసింది. సివిల్ సర్వీసెస్‌కి కావలసిన డిటాచ్‌మెంట్ ఇదే సార్. సీటు కన్ఫర్మ్!” నేను ఆయనకు రెండుసార్లు థాంక్స్ చెప్పాను.

కలం జ్ఞాపికగా పిల్లకే ఇచ్చేశారు. సీటు వచ్చింది కదా, కుల్ఫీ కొనిపెడదామనుకున్నాను. కుల్ఫీ బండి లారీల రోడ్డుకు అవతల, మునిసిపల్ బడి గోడపక్కన ఉంటుంది. రోడ్డు అంచుదాకా వచ్చి, అలవాటు చొప్పున చూపుడువేలు కిందికి చాచాను. వేలికి ఏమీ తగల్లేదు. చూస్తే వాగ్దేవి కలం ఒక చేత్తో గుండెలకు హత్తుకుని, రెండో చెయ్యి వెనక దాచుకుని నిలబడి ఉంది. బొగ్గు లారీ ఒకటి హారను మోగించుకుంటూ మా ముందునుంచి పోయింది. పిల్ల భయపడి ఒకడుగు వెనక్కి వేసింది. నావైపు మాత్రం రాలేదు.

“చెయ్యి పట్టుకోమ్మా, లారీలొస్తున్నాయి.”

“పట్టుకుంటే అవుటైపోతాను కదా నాన్నా?” అంది.

నాకు అర్థమయ్యే విషయాలు చాలా ఆలస్యంగా అర్థమవుతాయని మొదటే చెప్పాను. ఇది కూడా అలాగే అర్థమైంది, కానీ మొత్తం ఒకేసారి అర్థమైంది. ఆ రోడ్డు పక్కన, దుమ్ములో, కొత్త ప్యాంటుతో మోకాళ్ళమీద కూర్చున్నాను.

“అవుటేనమ్మా,” అన్నాను. “ఫరవాలేదు. ఇద్దరం అవుటైపోదాం.”

అది కాస్త ఆలోచించింది. కలాన్ని నా జేబులో పెట్టింది. తర్వాత నా వేలు పట్టుకుంది. వారం రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు రెండు చేతులతోనూ పట్టుకుంది. రోడ్డు దాటాం. కుల్ఫీ ఒంటిచేత్తోనే తిన్నాను.

ఇంటికొచ్చి జరిగిందంతా హైమకు చెప్పాను, చేతులు దాచుకున్న సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. పిల్లను దగ్గరకు తీసుకుని, కళ్ళు కొంగుతో తుడుచుకుని, “గ్రహణం విడిచింది. వెళ్ళి ఇద్దరూ తలమీద నీళ్ళు పోసుకు రండి,” అంది. అలాగే పోసుకున్నాం.

డాక్టర్ మార్తాండ్‌కు ఫోనుచేసి సీటు వద్దన్నాను. “రిలాప్స్ అయిందా?” అని అడిగాడు. అయిందండీ, పూర్తిగా అయింది, అన్నాను. “సారీ టు హియర్,” అని పెట్టేశాడు. వీరభద్రం పరామర్శకు వచ్చాడు. లోహిత్‌కు ఇప్పుడు రెండు విభాగాల హోంవర్కూ ఇస్తున్నారట. వాడు పెన్నూ గొలుసూ రెండూ ఎక్కడో పారేశాడని, మళ్ళీ పాకించాలేమోనని దిగులుగా చెప్పాడు.

జూన్‌లో వాగ్దేవిని రోడ్డు అవతల మునిసిపల్ బడికి తీసుకెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ జగదాంబ గారు బొద్దుగా, చెమట తుడుచుకుంటూ, గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. పాత అలవాటు పోనిచ్చుకోలేక అడిగేశాను. “మీ దగ్గర గిఫ్టెడ్ ప్రోగ్రాం లాంటిదేమైనా...”

“గిఫ్టు అంటే మా దగ్గర మధ్యాహ్నం గుడ్డేనండి,” అన్నారావిడ. “ఏదీ, పిల్లని లోపలికి పంపండి.”

పంపడానికి నేను సిద్ధమే. వేలు రావాలి కదా. వాగ్దేవి గుమ్మం దగ్గర కాళ్ళు తన్నిపెట్టి, నా చూపుడువేలు రెండు చేతులా బిగించి, ఊరంతా వినేలా ఏడుపు లంకించుకుంది. బయటివాళ్ళ ముందు అది నోరు విప్పడం అదే మొదలు. జగదాంబ గారు ఒక్కొక్క వేలే విడదీయబోయారు. ఒకటి విడితే ఇంకోటి బిగుస్తోంది. ఆయమ్మ వచ్చి సాయం పట్టింది. నేను నా వేలును నేనే గుంజుకున్నాను. ముగ్గురికీ చెమటలు పట్టాయి. చివరికి ఎలాగో ఊడింది. జగదాంబ గారు పిల్లను భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, రొప్పుతూ నావైపు తిరిగారు.

“అమ్మ బాబోయ్!” అన్నారు. “మీ అమ్మాయికి గ్రాస్పింగ్ పవర్ చాలా ఎక్కువండీ.”

ఆఫీసుకు ఆలస్యమైంది. వేలు ఇంకా ఎర్రగానే ఉంది. వెళ్ళి అందరికీ చూపించాను.